పెన్సిలు ఆగిన చోట

కోర్టు వెనక వీధి, రెండో అంతస్తు గది
ఫిబ్రవరి 6

ప్రియమైన పిన్నీ,

నీ ఉత్తరం అందింది. చెవి మిషను మళ్ళీ కూత పెడుతోందని, దాన్ని డ్రాయర్లో పడేశానని, ఇకమీదట ఉత్తరాలే రాసుకుందామని రాశావు. నాకూ అదే నయం. ఫోనులో నేను మాట్లాడేది చెవులు బాగున్నవాళ్ళకే వినపడదని అమ్మ అంటుంది.

ఉద్యోగం బాగానే ఉంది. నువ్వు నేర్పిన షార్ట్‌హ్యాండ్ చూసి ఇక్కడ నవ్వుతారు. పుస్తకంలో ఉన్న గుర్తులు సగం, నువ్వు సొంతంగా కల్పించినవి సగం కదా. సాక్షుల్ని పిలిచే జవాను ఉన్నాడు, "సైలెన్స్" అని అరవడమే పని కాబట్టి అందరూ ఆయన్ని సైలెన్స్ గారంటారు. "అమ్మాయ్, ఇది రాతా, చీమలు సిరాలో పడి లేచాయా?" అంటాడు. కానీ నా చెయ్యి ఎవరి మాటకీ వెనకపడదు. గొంతు వినపడుతున్నంతసేపూ చెయ్యి ఆగకూడదని నువ్వు వేసవి సెలవుల్లో స్కేలు పట్టుకుని నేర్పావు. ఆగదు.

మంగళవారం జరిగింది చెప్పాలి. మా కోర్టుకి కొత్త జడ్జిగారు డిసెంబరులో వచ్చారని, ఆయన పేరు కూడా చెప్పాను కదా. ఆ రోజు సాక్షిగా ఒకావిడ వచ్చింది. స్కూలు బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే ఆయా. బస్సుకి మోటారు సైకిలు తగిలిన కేసు. చూసింది చెప్పి వెళ్ళిపోవడమే ఆవిడ పని. జడ్జిగారు ఒక ప్రశ్న అడిగారు. ఆవిడ రెండు మాటలంది. ఆయన రెండు మాటలన్నారు. ఆవిడ ఇంకో మాటంది. ఆ తర్వాత ఆవిడని కింద నిర్బంధపు గదిలో పెట్టారు, కోర్టు లేచేదాకా. నాలుగు గంటలు.

ఆ మాటలేమిటో రాయను. రికార్డులో లేనిది కోర్టు గడప దాటకూడదని నువ్వే చెప్పావు. ఇంతవరకు రాయొచ్చనుకుంటాను: ఆవిడ ఎవర్నీ ఏమీ అనలేదు.

సాయంత్రం ఛాంబర్లో జడ్జిగారు చెబుతుంటే రికార్డు టైపు చేశాను. "సాక్షి ప్రశ్నకు జవాబివ్వక, కోర్టును ఎగతాళి చేస్తూ మాట్లాడినందున..." అని చెప్పారు. నా నోటుపుస్తకంలో అలా లేదు. "అయ్యా" అన్నాను. "ఊఁ?" అన్నారు. "ఏం లేదండీ" అన్నాను. ఆయన సంతకం పెట్టారు. కింద టైపు చేసినవాళ్ళ పొడి అక్షరాలుంటాయి. అవి నావి.

బళ్ళో సిస్టర్లు మాచేత ప్రతి శుక్రవారం ఆ వారం ఆడిన అబద్ధం ఒకటి రాయించేవారు. నాకు చాలాసార్లు ఏమీ దొరక్క, ఏదో ఒకటి కల్పించి రాసేదాన్ని. ఈ వారం కల్పించక్కర్లేదు.

నీ చిట్టి

*

ఇల్లు, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 12

చిట్టీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బాబాయి "ఏం రాసిందే?" అని కేకేశాడు. "కులాసాగా ఉందట" అన్నాను. ఆయన నాకోసం అరిచే అరుపులకి పక్కింటివాళ్ళకి కూడా నీ యోగక్షేమాలు తెలిసిపోతున్నాయి.

నువ్వు చేసిన తప్పు టైపు చెయ్యడం కాదు. జడ్జి చెప్పింది టైపు చెయ్యడం స్టెనో పని. అసలు ఆ మాటలు నీ నోటుపుస్తకంలో ఎందుకున్నాయి? అదీ తప్పు. నేను నీకు చెయ్యి నేర్పాను గానీ కళ్ళు నేర్పలేదు. రాసేటప్పుడు పేజీలోకి తల దూర్చి కూర్చుంటావు, ఎవరైనా నీ మొహం చూస్తే కొంప మునుగుతుందన్నట్టు. మధ్యమధ్య తలెత్తి చూడాలి. ఆయన కుడిచెయ్యి వేలు బల్ల మీంచి లేచిందంటే పెన్సిలు ఎత్తెయ్యాలి. వేలు దిగాక మళ్ళీ రాయాలి. ఆ మధ్యలోది నువ్వు వినలేదు. అంతే.

కొత్తలో కష్టంగా ఉంటుంది. తర్వాత చెయ్యే తెలుసుకుంటుంది.

ఆ ఆయా సంగతి మర్చిపో. నాలుగు గంటలు కూర్చుంది, ఇంటికెళ్ళింది. నీ ఉద్యోగానికి ఏడాది కూడా నిండలేదు.

దుప్పటి పంపిస్తున్నాను. అంచు మీ బాబాయి కుట్టాడు, వంకరగా ఉంటే నన్ననకు.

పిన్ని

*

కోర్టు వెనక వీధి
మార్చి 9

పిన్నీ,

దుప్పటి అందింది. అంచు వంకరగానే ఉంది. బాబాయికి బాగుందని చెప్పు.

ఆ ఆయా సంగతి ఇంటికెళ్ళడంతో ఆగలేదు. నిన్న కాపీల కిటికీ దగ్గరికి వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం బస్సు ఎందుకు ఎక్కలేదో కాగితం తెమ్మని స్కూలువాళ్ళు అడిగారట. కోర్టులో ఉన్నానంటే, కోర్టు కాగితమే తెమ్మన్నారట. గుమాస్తా సెలవులో ఉంటే ఆ కిటికీలో నన్ను కూర్చోబెట్టారు. కాబట్టి నా చేత్తోనే ఇచ్చాను, నేను టైపు చేసిన కాగితం.

ఆవిడ అక్కడే నిలబడి చదివింది. వేలితో ఒక్కో అక్షరం పట్టుకుని. "ఎగతాళి చేశానా నేను?" అంది. నన్నడగలేదు, కాగితాన్ని అడిగింది. తర్వాత నావైపు చూసింది. "అమ్మా, నువ్వా రోజు అక్కడే కూచుని రాస్తున్నావు కదూ?"

"రాశానండీ" అన్నాను.

"మరి నేనిలా అన్నానా?"

రికార్డులో లేనిది నేను చెప్పకూడదు. కిటికీ తలుపు మూసే వేళ కూడా కాలేదు, మూసేశాను.

ఇవాళ సైలెన్స్ గారు చెప్పాడు, స్కూలువాళ్ళు ఆ కాగితం చదివి ఆవిడని మాన్పించేశారట. "జడ్జినే ఎగతాళి చేసిన మనిషి చేతిలో పిల్లల్ని పెడతామా?" అన్నారట. వాళ్ళని మాత్రం ఏమనగలం? సంతకం, ముద్ర ఉన్న కాగితం మరి.

ఇంకో సంగతి. నీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఆయన వేలు ఎత్తుతారని నేను నీకు రాయలేదు. నాకే తెలియదు, నేను తలెత్తను కదా. నీ ఉత్తరం వచ్చాక మొన్న తలెత్తి చూశాను. ఎత్తారు. కుడిచెయ్యి, చూపుడు వేలు, బల్ల మీంచి బెత్తెడు. నీకెలా తెలుసు?

చిట్టి

*

ఇల్లు
మార్చి 15

చిట్టీ,

జడ్జిలందరికీ వేళ్ళుంటాయి.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మీ బాబాయి గేటుకి రంగు వేస్తూ చొక్కాకి కూడా వేసుకున్నాడు. వేళకి తిను.

పిన్ని

*

కోర్టు వెనక వీధి
ఏప్రిల్ 21

ప్రియమైన పిన్నీ,

నెల దాటింది ఉత్తరం రాసి. రాయడానికి లేక కాదు.

ఆయా ఫిర్యాదు పెట్టింది. జడ్జిల మీద ఫిర్యాదులు వినడానికి పైకోర్టులో ఒక సంఘం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. బస్సు కేసులోని ముసలి వకీలు ఆవిడకి అర్జీ రాసిపెట్టాడు. ఆయన కోటు మోచేతుల దగ్గర వెలిసిపోయి ఉంటుంది, గొంతు మాత్రం కొత్తగా ఉంటుంది. సంఘం నుంచి కోర్టులో ఆ రోజు ఉన్న అందరికీ కాగితం వచ్చింది. ఒకటే ప్రశ్న: "ఆనాడు సాక్షికీ జడ్జికీ మధ్య జరిగిన సంభాషణ యావత్తూ రికార్డులో చేరినదా?"

బెంచి క్లర్కు గుర్తులేదని రాశాడు. సైలెన్స్ గారు నాకు చెవిలో చెప్పాడు, "నేను తలుపు బయటున్నానని రాశానమ్మా. నిజానికి తలుపు లోపలే ఉన్నా. కానీ నాకు ముగ్గురు పిల్లలు." నా కాగితం మూడు రోజులు బల్ల మీదే ఉంది. నాలుగో రోజు "లేదు" అని రాసి ఇచ్చేశాను. ఎక్కువ రాయడం చేతకాలేదు.

మర్నాటి నుంచి నన్ను పాత ఫైళ్ళ గదికి మార్చారు. విచారణ అయ్యేదాకానట. ఇక్కడ కిటికీ లేదు, మనుషులూ లేరు. నిజం చెప్పాలంటే నాకిక్కడే హాయిగా ఉంది. శిక్ష వేసినవాళ్ళకి నా సంగతి తెలియదు పాపం.

నోటుపుస్తకాన్ని లక్క వేసిన కవరులో పెట్టి తీసుకెళ్ళారు. పేజీపేజీకీ నంబరు, ఆఫీసు ముద్ర ముందే ఉంటాయి కాబట్టి తర్వాత చేర్చానని ఎవరూ అనలేరు. కానీ జడ్జిగారి తరఫున ఇంకోటన్నారు: "ఆ గీతలు ఆ అమ్మాయి తప్ప ఎవరూ చదవలేరు. ఆమె ఏం చదివితే అదే అవుతుందా?" సంఘంవాళ్ళు షార్ట్‌హ్యాండ్ బడి నుంచి ఇద్దరు మాస్టర్లని పిలిపించారు. ఇద్దరూ ఒక పూట కూర్చుని, సగం మాటలు తెలుస్తున్నాయి, సగం తమ పుస్తకంలో లేవు అని లేచారు. ఉద్యోగం పరీక్షలో కూడా నేను టైపు చేసిన కాగితమే చూశారు గానీ గీతలు ఎవరు చూశారు?

నేను చదివి చెప్పినదాన్ని మామూలు తెలుగులో రాయించుకుని వేరే కవరులో పెట్టి సీలు వేశారు. దానితో పోల్చడానికి, ఆ రాత చదవగల ఇంకో మనిషి కావాలన్నారు. ఎవరు నేర్పారని అడిగారు. నీ పేరు చెప్పాను.

నిన్నడక్కుండా చెప్పినందుకు క్షమించు. ఆ మాటలేమిటో నీకు ఇకముందు కూడా రాయను. నువ్వు ముందే తెలుసుకుని చదివావని ఎవరూ అనకూడదు.

చిట్టి

*

ఇల్లు
ఏప్రిల్ 27

చిట్టీ,

నేను రాను.

మోకాళ్ళు నొప్పి. ఆరుగంటల బస్సు ప్రయాణం. అడిగింది వినపడదు. చెవిటిదాన్ని కోర్టుకి పిలిచి ఏం చేస్తారు, అందరూ నవ్వుకోవడానికా? అయినా నేను కోర్టు ఉద్యోగం మానేసి పదకొండేళ్ళయింది. ఆ గీతలు మర్చిపోయాను.

నా పేరు తీసెయ్యమని చెప్పు. చెప్పడానికి మొహమాటమైతే నేనే రాస్తాను వాళ్ళకి.

నువ్వు కూడా "లేదు" అని రాయకుండా ఉండాల్సింది. గుర్తులేదనడం అబద్ధం కాదు. కావాలంటే ఏదైనా గుర్తు లేకుండా చేసుకోవచ్చు.

పిన్ని

*

పాత ఫైళ్ళ గది
మే 8

పిన్నీ,

సరే. మోకాళ్ళకి వేడి నీళ్ళ కాపడం పెట్టించుకో.

నీ పేరు తీసెయ్యమని అడిగాను. "వారే స్వయంగా రాయాలి" అన్నారు. వాళ్ళ చిరునామా వెనక పేజీలో ఉంది. జూన్ 19న చివరి విచారణ. ఆ రోజుకి చదివేవాళ్ళు దొరకకపోతే నోటుపుస్తకాన్ని లెక్కలోకి తీసుకోరట. అప్పుడు మిగిలేది సంతకమున్న రికార్డు ఒక్కటే. ఫిర్యాదు మూసేస్తారు.

ఆయా మొన్న నా గదికి వచ్చింది. మెట్లు వెతుక్కుంటూ. నేను లేచి నిలబడ్డాను. ఆవిడ తిట్టడానికి వచ్చిందనుకున్నాను. "ఆ రోజు కిటికీ మూసేశావు కదా, నీ చెయ్యి నలిగిందేమో చూద్దామని" అంది. నిజమే, నా చిటికెన వేలు నలిగింది. ఆవిడ అది చూసిందని నాకు తెలియదు.

ఇప్పుడు ఒక హోటల్లో గిన్నెలు తోముతోందట. "పని ఏదైనా పనేలేమ్మా. కానీ బస్సులో పిల్లలు నన్ను అడుగుతారు కదా. వాళ్ళకేం చెప్పారో?" అంది. "జడ్జిగారిని ఉద్యోగంలోంచి తీసెయ్యమని నేనడగట్లేదు. నేను ఎగతాళి చెయ్యలేదని ఆ కాగితంలోనే రాయాలి. అదే నేనడిగేది."

నిన్ను ఒత్తిడి చెయ్యడానికి ఇదంతా రాయలేదు. నువ్వడిగావనుకుని రాశాను. నువ్వు అడగలేదు కదా.

చిట్టి

*

ఇల్లు, కిటికీ పక్క బల్ల
మే 20

చిట్టీ,

సంఘానికి నా పేరు తీసెయ్యమని ఉత్తరం రాశాను. కవరు అంటించాను. అది వారం రోజులుగా ఇదే బల్ల మీద ఉంది. ఇవాళ చింపేశాను.

ఆయన వేలు నాకెలా తెలుసని అడిగావు. ఆయన మొదటి ఉద్యోగం మా ఊరి కోర్టులోనే. అప్పటికి జుట్టు నల్లగా ఉండేది. ఆరేళ్ళు నేనే ఆయన స్టెనోని. చేరిన వారానికే పిలిచి చాలా మర్యాదగా చెప్పాడు: "అమ్మా, కోర్టులో నోటికొచ్చినవి చాలా దొర్లుతుంటాయి. అన్నీ రాసి నీ చెయ్యి నొప్పి చేసుకోకు. నేను వేలెత్తితే విశ్రాంతి తీసుకో." నా చెయ్యి గురించి అంత ఆలోచించే జడ్జి దొరికాడని మీ బాబాయితో గొప్పగా చెప్పుకున్నాను.

ఎత్తినప్పుడల్లా పెన్సిలు ఎత్తాను. కానీ గొంతు వినపడుతుంటే చెయ్యి ఊరుకోదు కదా, అందుకని ఆ ఖాళీలో ఒక సున్నా చుట్టి, పక్కన గడియారం చూసి టైము వేసేదాన్ని. ఎందుకు వేశానంటే చెప్పలేను.

గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకడు వచ్చాడు ఒకసారి. దుకాణం అద్దె తగాదా. ఆయనకి చేతులు వణుకుతాయి. పనిలో కూర్చుంటే వణకవు, నలుగురూ చూస్తుంటే వణుకుతాయి. వాంగ్మూలం కింద సంతకం పెట్టమంటే గీత అటూ ఇటూ పోయింది. జడ్జి వేలెత్తాడు. "మళ్ళీ పెట్టు" అన్నాడు. మళ్ళీ పెట్టాడు. "ఇదేం సంతకం, బల్లి తోకా?" అన్నాడు. కోర్టు నవ్వింది. పదకొండుసార్లు పెట్టించాడు. చివరికి ఆయన కలం కింద పెట్టేసి చేతులు చంకల్లో దాచుకున్నాడు. అప్పుడు వేలు దిగింది. నేను రాసుకున్నది: "సాక్షి సంతకం చేయుటకు నిరాకరించెను." వాంగ్మూలం చెల్లలేదు. దుకాణం పోయింది.

నేనూ నవ్వానే చిట్టీ. బల్లి తోక అన్నప్పుడు. అది ఎవరికీ చెప్పలేదు.

ఆ నెలే ఉద్యోగం మానేశాను. చెవులు దెబ్బతిన్నాయని ఇంట్లో చెప్పాను. అప్పుడు నా చెవులు బాగానే ఉన్నాయి. నిజంగా పోవడం మొదలైంది నాలుగేళ్ళ తర్వాత. నిన్న మీ బాబాయికి చెప్పాను. "అయితే ఆ నాలుగేళ్ళూ నేను ఉత్తినే అరిచానా?" అని పలక మీద రాశాడు.

వస్తాను. వచ్చి చదివితే, ఆయన దగ్గర నువ్వేం చేశావని నన్నూ అడుగుతారు. అడగాలి కూడా. మోకాళ్ళ నొప్పి అబద్ధం కాదు, కానీ కారణం అది కాదు.

పిన్ని

*

పాత ఫైళ్ళ గది
జూన్ 2

ప్రియమైన పిన్నీ,

నీ ఉత్తరం చదివాను. ఏం రాయాలో తెలియక బస్సు వేళలు రాస్తున్నాను.

పొద్దున ఆరింటి బస్సు ఎక్కితే పన్నెండుకి దిగుతావు. విచారణ రెండింటికి. గది పైకోర్టు మొదటి అంతస్తులో, మెట్లు ఇరవై రెండు, కుడివైపు పట్టుకోవడానికి కమ్మీ ఉంది. సంఘంలో ముగ్గురు: ఇద్దరు పెద్ద జడ్జిలు, బయటినుంచి ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ప్రశ్నలన్నీ కాగితం మీద రాసి నీ ముందు పెట్టమని అడిగాను, ఒప్పుకున్నారు. జడ్జిగారు కూడా ఉంటారు. ఆయనకి నిన్ను ప్రశ్నించే హక్కు ఉంది.

నన్ను లోపలికి రానివ్వరు. వరండాలో బెంచీ మీద కూర్చుంటాను. ఆ రోజు నుంచి ఉత్తర్వు వచ్చేదాకా మనం మాట్లాడుకోకూడదు, రాసుకోకూడదు. కాబట్టి నువ్వు నా ముందునుంచే వెళ్తావు, నేను లేచి నిలబడతాను, అంతే.

నేను నిన్ను ఏమీ అనుకోవట్లేదు. టైపు చేసింది నేను కూడా కదా.

చిట్టి

*

ఇల్లు, కిటికీ పక్క బల్ల
ఆగస్టు 30

చిట్టీ,

ఉత్తర్వు కాపీ నిన్న నాకూ వచ్చింది. ఇక మాట్లాడుకోవచ్చు. నువ్వు బయట కూర్చుని చూడనిది రాస్తాను.

పొడుగాటి బల్ల. ఒక కొసన ఆయన. జుట్టు నెరిసింది, మనిషి సన్నబడ్డాడు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. ఆరేళ్ళ అలవాటు.

నోటుపుస్తకం నా ముందు పెట్టారు. అరవై ఒకటో పేజీ. మర్చిపోయానని రాశానే, ఒక్క గీత కూడా మర్చిపోలేదు. నీ రాత నాదానికంటే శుభ్రంగా ఉంది. పైకి చదవమని కాగితం చూపించారు. చదివాను.

"సాక్షి: అయ్యా, నాకు కుడి చెవి సరిగా వినపడదు. ఆ ప్రశ్న మళ్ళీ ఒకసారి అడుగుతారా?

కోర్టు: ఇక్కడ ఒక్కసారే అడుగుతాం. వినపడకపోతే, బాగా వినపడే చోట కూర్చోబెడతాను.

సాక్షి: తప్పయితే క్షమించండి. ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటాను."

అంతే ఉంది. మూడో మాట దగ్గర కాసేపు ఆగాను. గీత తెలియక కాదు. నువ్వు ఫిబ్రవరి నుంచి ఈ మాటలు నాకెందుకు రాయలేదో అప్పుడు తెలిసింది. రూలు కోసమే కాదు, ఈ చెవిటి పిన్ని కోసం కూడా దాచావు.

పెద్దజడ్జి నీ కవరు సీలు విప్పి పోల్చాడు. ఒక్క మాట తేడా లేదని తల ఊపాడు. తర్వాత బల్ల కొసనున్న ఆయన వంతు. ప్రశ్న రాసి ఇవ్వాలన్నది మర్చిపోయాడో ఏమో, నావైపు తిరిగి నోటితోనే ఏదో అన్నాడు. పెదవులు కదలడం కనిపించింది.

"వినపడలేదండీ. మళ్ళీ ఒకసారి అడుగుతారా?" అన్నాను.

ఏమీ ఆలోచించి అనలేదు. రోజుకి ఇరవైసార్లు మీ బాబాయితో అనే మాటే. అన్నాక చూస్తే హెడ్‌మిస్ట్రెస్ నేను చదివిన పేజీ మీద అరచెయ్యి పెట్టి ఆయనవైపు చూస్తోంది. ఆయన కాగితం దగ్గరికి లాక్కుని రాశాడు. చక్కటి చేతిరాత.

"నా వద్ద పనిచేసిన ఆరేళ్ళలో మీరు ఒక్కసారైనా నా మీద ఫిర్యాదు చేశారా?"

మంచి ప్రశ్న. తెలివైనవాడు, ఎప్పుడూ తెలివైనవాడే. "లేదు. చెయ్యాల్సింది" అన్నాను. సంచిలోంచి నా ఆఖరి నోటుపుస్తకం తీసి బల్ల మీద పెట్టాను. కోర్టు వస్తువు పదకొండేళ్ళు ఇంట్లో ఉంచుకోవడం తప్పని ముందే చెప్పాను. అందులో నలభై ఒక్క సున్నాలున్నాయి, టైములతో సహా. ఆ సున్నాల్లో ఏం జరిగిందని రాసి అడిగారు. నలభై గుర్తులేవని చెప్పాను. ఒకటి చెప్పాను. బల్లి తోక కూడా చెప్పాను. నేను నవ్వింది కూడా.

ఉత్తర్వులో నా పేరు రెండు చోట్ల ఉంది. ఒకచోట నోటుపుస్తకం చదివిన సాక్షిగా. ఇంకోచోట, ఆరేళ్ళు మౌనంగా ఉండి ఆ పద్ధతికి తోడ్పడినదానిగా. రెండూ సరిగ్గానే ఉన్నాయి. నీకు కూడా ఒక వాక్యం పెట్టారు, తప్పని తెలిసీ టైపు చేసినందుకు. నీ సర్వీసు పుస్తకంలో అది ఉంటుంది. ఉండనీ.

ఆయన్ని పదవి నుంచి తీసేశారు. చదివినప్పుడు సంతోషం వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. నిద్ర మాత్రం పట్టింది. గడియారాలాయన ఎక్కడున్నాడో తెలియదు. ఆ పాత ఫైలు మళ్ళీ తెప్పిస్తున్నారట. దొరికితే ఆయన ఇంటికి నేనే వెళ్ళాలి.

ఒక్కటి అడుగుతాను. నా గొంతు ఎంత పెద్దదో నాకు ఇప్పుడు తెలియదు. నేను చదివింది నీకు బయటికి వినపడిందా?

పిన్ని

*

కోర్టు వెనక వీధి, రెండో అంతస్తు గది
సెప్టెంబరు 14

ప్రియమైన పిన్నీ,

వినపడింది. వరండా అంతా వినపడింది. కింద మెట్ల దగ్గర టీ తాగుతున్న వకీళ్ళు కూడా తలలెత్తారు. నా పక్కన సైలెన్స్ గారు కూర్చుని ఉన్నాడు, సెలవు పెట్టి వచ్చాడు. నువ్వు మూడో మాట చదివేసరికి లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచారని అడిగితే, "ఏమోనమ్మా, కాళ్ళు లేచాయి" అన్నాడు. మర్నాడు తలుపు లోపలే ఉన్నానని సంఘానికి రాసిచ్చాడు. ఆలస్యంగానే అనుకో.

ఆయా బెంచీ రెండో కొసన ఉంది, ఎడమ చెవి తలుపువైపు పెట్టి. నువ్వు చదువుతుంటే తల ఊపుతూ వింది, తను అన్నవి సరిగ్గా వస్తున్నాయా అని చూసుకుంటున్నట్టు.

సరిచేసిన రికార్డు నేనే టైపు చేశాను. నాచేతే చేయించాలని ఉత్తర్వులో ఉంది. పాత వాక్యం కొట్టేసినట్టు కనపడాలి, చెరిపెయ్యకూడదు. దాని కింద ఆ మూడు మాటలు, ఉన్నవి ఉన్నట్టు. కింద నా పొడి అక్షరాలు. ఆ కాపీ ఆయాకి కిటికీలోంచి ఇచ్చాను. "ఇందులో నా చెవి సంగతి కూడా ఉందే. స్కూలువాళ్ళు చదివితే?" అంది. నాకా ఆలోచనే రాలేదు. ఏం చెయ్యమంటారని అడిగాను. "ఉండనీలే. చెవిటిదాన్నంటే పడతాను, పొగరుబోతునంటే పడను" అంది.

మళ్ళీ పనిలోకి తీసుకున్నారు పిన్నీ. వారం ఆలోచించి తీసుకున్నారు. బస్సులో ఆవిడ సీటు మార్చారు. ఇప్పుడు కుడివైపు కిటికీ పక్కన కూర్చుంటుంది, ఎడమ చెవి పిల్లలవైపు ఉండేలా.

నేను మళ్ళీ కోర్టు హాల్లోకి వచ్చాను. కొత్త జడ్జిగారు ఒక పెద్దావిడ. మొదటి రోజు నడుమ ఆవిడ కుడిచెయ్యి వేలు బల్ల మీంచి లేచింది. నేనిప్పుడు మధ్యమధ్య తలెత్తుతున్నాను కదా, చూశాను. బెంచి క్లర్కు కూడా చూశాడు, చూసి నావైపు తిరిగాడు. నేను తల దించుకుని రాశాను.

సాయంత్రం టైపు చేసిన కాగితాలు ఆవిడ ముందు పెడితే, చదువుతూ, తను వేలెత్తిన చోట ఆగి కళ్ళజోడు పైకి జరుపుకుంది. "ఇదేమిటమ్మా, 'కోర్టు: ఆ ఫ్యాను కాస్త తగ్గించండి, కాగితాలు ఎగిరిపోతున్నాయి' అని కూడా రాశావు?"

"అన్నారు కదండీ" అన్నాను.

నా గొంతు ఆవిడకి వినపడింది. ఆవిడ సంతకం పెట్టింది.

నీ చిట్టి